ఏడో తరగతిలో రెండు దేశాలు

ఆ వానాకాలం మొదట్లో మా ఇంటికి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. గదిలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంటే లైటు ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లీ వెలిగేది. వంటింట్లో ఉన్నా అదే వరస. పాత ఇల్లు కదా, వానకి గోడలు చెమ్మగిల్లి వైర్లు పాడై ఉంటాయనుకున్నాను. ఆయన నిచ్చెనెక్కి బోర్డులన్నీ విప్పి, చూసి, మళ్లీ బిగించి, “వైరింగు బంగారంలా ఉందమ్మా. మీ ఇంట్లోవాళ్లే ఎవరో స్విచ్చి నొక్కుతున్నారు” అన్నాడు. అంటూ మా అమ్మాయి వైపు చూశాడు.

మా అమ్మాయి అని ఇప్పుడు అంటున్నాను గానీ అప్పట్లో ఆ మాట అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. మావారి మొదటి భార్య కూతురు. పన్నెండేళ్ల పిల్ల. నేను ఆ ఇంటికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. నన్ను పిన్ని అని పిలవమని దానికి అందరూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. పిలవలేదు. బళ్లో మాత్రం టీచర్ అనేది, దాని క్లాసుకి సాంఘిక శాస్త్రం చెప్పేది నేనే కాబట్టి తప్పదు. ఇంటికొచ్చాక ఆ పిలుపు కూడా చెప్పులతోపాటు గుమ్మం దగ్గరే విడిచేసేది. ఏదైనా కావాలంటే వచ్చి నా ఎదురుగా నిలబడేది, అంతే.

నాకేమో నోరు ఊరుకోదు. మాది గోల ఇల్లు. అక్కచెల్లెళ్లం, అన్నదమ్ములం, అందరం ఒకేసారి మాట్లాడేవాళ్లం, అందరం వినేవాళ్లం కూడా. ఒకళ్లు పెరట్లోంచి కేకేస్తే ఇంకొకళ్లు మేడమీంచి “ఆఁ” అనాలి. అనకపోతే కొంపలంటుకున్నట్టు పరిగెత్తుకొచ్చేవాళ్లు. అలాంటిదాన్ని ఈ ఇంటికొచ్చి పడ్డాను. మావారు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేస్తారు. మిషను పలికినన్ని మాటలు కూడా ఆయన పలకరు. పోనీ పిల్లన్నా కబుర్లు చెప్తుందా అంటే, వంటింట్లో పనిచేసుకుంటూ ఎన్నిసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చేతిలో పని వదిలేసి వెళ్లి చూస్తే పక్క గదిలోనే కూర్చుని ఉండేది.

“పిలుస్తుంటే వినపడట్లేదా?”

“వినపడింది.”

“మరి పలకవేం?”

అదేదో నేనే అర్థంలేని ప్రశ్న అడిగినట్టు నా మొహంలోకి చూసేది. ఆ చూపొకటి. నేను మాట్లాడినంతసేపూ రెప్ప వెయ్యకుండా మొహంలోకే చూసేది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అలా గుచ్చి చూస్తారా ఎవరైనా? దానికి తోడు నేల మీద కాలితో ధనధనమని తన్నడం. నేను ఏ బట్టలు మడతపెట్టుకుంటూనో ఉంటే వెనకనించి వచ్చి తన్నేది. నేను ఉలిక్కిపడి తిరిగితే, “అన్నం తిందామా?” అని మామూలుగా అడిగేది.

ఇక పూలకుండీ సంగతి. భోజనాల బల్ల బోసిగా ఉందని మా అక్క ఇచ్చిన పింగాణీ కుండీలో ప్లాస్టిక్ పూలు పెట్టి బల్ల మధ్యలో ఉంచాను. సాయంత్రానికల్లా అది నేల మీద ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. మర్నాడు మళ్లీ నేల మీదే. ఎవరూ ఏమీ అనుకోకుండా, ఒక్క మాట పైకి అనకుండా, నెలల తరబడి ఆ కుండీ కోసం యుద్ధం చేసుకున్నాం మేమిద్దరం. మధ్యలో మావారు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని భోజనం చేసి లేచిపోయేవారు.

దాని తల్లికి పుట్టుకతోనే వినిపించదు. ఆ సంగతి నాకు పెళ్లికి ముందే చెప్పారు. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్లు. ఆవిడతోపాటు ఆ సంగతి కూడా వెళ్లిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోనూ లేదు, అసలు అటువైపు నా బుర్ర పోలేదు. పిల్లకి నేనంటే పడదు, అందుకే లైటార్పి, నేల తన్ని, కుండీ దించి నన్ను సాధిస్తోందనే లెక్క వేసుకున్నాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లిన వారంలోనే దాని పెద్దమ్మ ఫోన్ చేసింది. తల్లికి అక్క. చేతులతో మాట్లాడడం ఆవిడకి నోటితో మాట్లాడినంత బాగా వచ్చు. ఆదివారాల్లో పిల్లా ఆవిడా వీడియోలో కబుర్లాడుకునేవాళ్లు. తలుపు దగ్గరికి వేసి ఉన్న గదిలోంచి మాటలు వినిపించేవి కావు, నవ్వు మాత్రం వినిపించేది.

“ఏమీ అనుకోకు చెల్లీ. ఈ టర్ము అయ్యాక పిల్లని నేను తీసుకెళ్తాను. ఇక్కడే బళ్లో వేస్తాను. దానికీ కొంచెం ఊపిరాడుతుంది, నీకూ తెరిపిగా ఉంటుంది” అంది.

మావారిని అడిగితే “దాని ఇష్టం” అన్నారు.

నాకు తెరిపిగా ఉండాలి కదా? లేదు. ఎందుకో చెప్తాను. క్లాసులో నేను పాఠం చెప్తూ మధ్యలో వేసే జోకులకి ఆ పిల్ల నవ్వేది. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వేది. నేను చూస్తున్నానని తెలిస్తే ఆపేసేది. ఆ నవ్వు ఒక్కసారి మా ఇంట్లో నా ఎదుట నవ్వితే చాలని నా ఆశ. దాన్ని పంపించాలని నాకు లేదు. ఉండమని అడగడానికి నేనెవరిని? ఆ బెంగతోనే ఆ టర్మంతా గడిపాను.

*

బళ్లో ఆ ఏడు వేరే తలనొప్పి. అవతలి పేటలో బడి గోడలు బీటలు వారాయని మూసేసి, అక్కడి పిల్లల్ని మా బడికి పంపించారు. వచ్చినవాళ్లు కిటికీల వైపు బెంచీల్లో, మావాళ్లు గోడ వైపు బెంచీల్లో. మధ్యలో నడిచే దారి ఉంది చూశారూ, అది సరిహద్దే అనుకోండి. పెన్సిలు దొర్లి అటు పడితే దాన్ని వదులుకోవాల్సిందే. ఆఖరికి మంచినీళ్ల కుళాయిలు కూడా పంచేసుకున్నారు.

మా హెడ్మిస్ట్రెస్ నన్ను ఒక శిక్షణకి పంపించింది. అక్కడ నేర్పిన ఆట పేరు రెండు దేశాలు. క్లాసుని రెండుగా చెయ్యాలి. ఒక్కో దేశానికి కొన్ని రూల్స్. ఒక దేశం వాళ్లు రెండో దేశానికి చుట్టపుచూపుగా వెళ్లాలి. అక్కడివాళ్లు రూల్స్ పైకి చెప్పకూడదు. చుట్టం సరిగ్గా ప్రవర్తిస్తే నవ్వి ఒక రిబ్బను ముక్క ఇవ్వాలి, తప్పు చేస్తే మొహం తిప్పేసుకోవాలి. ఎందుకు తిప్పుకున్నారో చుట్టమే కనిపెట్టాలి. చివర్లో అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరికేమనిపించిందో చెప్పుకోవాలి. కొత్తచోట మసలడం ఎలా ఉంటుందో పిల్లలకి పాఠంలా చెప్తే ఎక్కదు, ఆడిస్తే ఎక్కుతుందని వాళ్ల ఉద్దేశం.

మొదటిసారి ఆడించాను. వాళ్లిచ్చిన రూల్సేమో ముక్కు పట్టుకుని మాట్లాడాలి, ఒంటికాలి మీద నిలబడాలి, ఇలాంటివి. పిల్లలు పడీ పడీ నవ్వి, ఆట అయిపోగానే లేచి, ఎవరి బెంచీల్లో వాళ్లు కూర్చున్నారు. పెన్సిలు దొర్లి అటు పడింది. ఎవరూ తియ్యలేదు.

“ఈ రూల్స్‌లో పస లేదు టీచర్. రూల్స్ వాళ్లనే పెట్టుకోమనండి” అంది హెడ్మిస్ట్రెస్.

బాగానే ఉందనిపించింది. చీటీలు వేసి పాతా కొత్తా కలిపి రెండు జట్లు చేశాను. ఒక దేశానికి లైబ్రరీ గది, ఇంకో దేశానికి ఆటవస్తువుల గది. లైబ్రరీ దేశంలో మా అమ్మాయి పడింది. దానికి జతగా అవతలి బడి నుంచి వచ్చిన పిల్ల ఒకతి పడింది, వానున్నా లేకపోయినా గొడుగు వదలదు, అందరూ గొడుగనే పిలిచేవాళ్లు. అంతకుముందు వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“మీరు ఏ దేశం టీచర్?” అంది హెడ్మిస్ట్రెస్.

“నేను రెఫరీనండీ.”

“అదేం కుదరదు. పిల్లల్ని పరుగులు పెట్టించి మీరు కుర్చీలో కూర్చుంటారా? మీరూ చుట్టంగా వెళ్లండి.”

సరేనన్నాను. ఎలాగూ ఆ పనిలో నాకు అనుభవం ఉంది.

*

లైబ్రరీ దేశం వాళ్లు రిహార్సల్ చేసుకోవడానికి మా ఇంటికి వచ్చారు. బయట జోరున వాన. మేడ మీద గదిలో చేరి తలుపేసుకున్నారు. కాసేపటికి మొదలైంది, నెత్తి మీద ధనధన. పైకప్పు ఊడి పడుతుందేమోనని నేను కేకలు వేశాను. జవాబు లేదు. మెట్లెక్కి వెళ్లబోతే మావారు, “ఆడుకోనీ” అన్నారు. ఆ మాట అన్న మనిషి వాలుకుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పైనించి వచ్చే ఆ చప్పుడు వింటున్నారు. ఆయన మొహం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. వానకి నిద్ర పడుతోంది కాబోలనుకుని నేను బట్టలు తీసుకురావడానికి వెళ్లాను.

దిగివచ్చాక గొడుగు పిల్ల నన్ను పైనించి కిందకి చూసి, మా అమ్మాయి చెవిలో ఏదో ఊదింది. మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“ఏంటే, నా మీదేనా జోకు?” అన్నాను.

“దేశ రహస్యం టీచర్” అంది గొడుగు. ఇద్దరూ ఒకే గొడుగులో దూరి గేటు దాకా వెళ్లారు.

*

ఆట రోజు చుట్టాలం ఆరుగురం, అయిదుగురు పిల్లలూ నేనూ. మా జట్టుకి క్లాసు లీడరు పెద్ద. వాడికి ప్రపంచంలో తెలియనిదేమీ లేదు, వాడి ఉద్దేశంలో. చుట్టాలు ఉత్త చేతులతో వెళ్లకూడదన్నాడు. అందుకని నేను ఆ పూలకుండీ పట్టుకెళ్లాను, ఇంట్లో ఎలాగూ దానికి చోటు లేదు కాబట్టి ఇక్కడన్నా పనికొస్తుందని.

లైబ్రరీ తలుపు తీసుకుని లోపలికి వెళ్లాం. దేశప్రజలు పొడుగు బల్ల చుట్టూ కూర్చుని ఏవో పనులు చేసుకుంటున్నారు. “మేం వచ్చాం!” అని లీడరు అరిచాడు. ఒక్కరూ తలెత్తలేదు. మళ్లీ అరిచాడు. చప్పట్లు కొట్టాడు. కిక్కురుమన్నవాడు లేడు. వాడికి చిర్రెత్తుకొచ్చి కాలితో నేల మీద ఒక్క తన్ను తన్నాడు. అంతే, అందరూ ఒక్కసారిగా తిరిగి నవ్వారు. ఒకడు లేచొచ్చి వాడి చేతిలో రిబ్బను ముక్క పెట్టాడు. లీడరు తెల్లబోయాడు.

నాకు ఇంకా వెలగలేదు. మంచి టీచర్లా చొరవ తీసుకుని, కుండీని బల్ల మధ్యలో పెట్టి, సంచిలోంచి కాగితాలు తీసుకుంటూ, “మేం పక్క దేశం నుంచి వచ్చామండీ, మీ దేశం చాలా బాగుంది” అని మొదలుపెట్టాను. అందరూ మొహాలు తిప్పేసుకున్నారు. ఒక పిల్లాడు వచ్చి కుండీని రెండు చేతులా ఎత్తి, జాగ్రత్తగా నేల మీద పెట్టి, వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు. ఇప్పుడు బల్లకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకళ్లకొకళ్లు కనిపిస్తున్నారు.

అప్పుడు లైటు ఆరి వెలిగింది.

నేను తలెత్తాను. గొడుగు పిల్ల స్విచ్చి మీద చెయ్యేసి నిలబడి ఉంది. తలుపులోంచి మా అమ్మాయి లోపలికి వస్తోంది. అందరూ దాని వైపు తిరిగారు. అది ఒక్కొక్కరి ఎదురుగా వెళ్లి నిలబడి, మొహంలోకి చూసి, అప్పుడు మాట్లాడుతోంది. ఎవరితోనన్నా మాట్లాడేటప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టేస్తోంది. వెనకనించి ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే ముందు భుజం తడుతోంది. పన్నెండు మంది పిల్లలు, సగం మంది అవతలి బడివాళ్లు, ఎన్నాళ్లనించో అలాగే బతుకుతున్నట్టు నడుచుకుంటున్నారు.

ఆ గదిలో ఉన్న చుట్టాలందరిలో ఈ రూల్స్ తెలిసి ఉండాల్సింది నాకే. ఏడాదినుంచి ఈ దేశంలోనే కాపురం చేస్తున్నాను.

ఖాళీ కుర్చీ ఉంటే కూర్చున్నాను. ఆట అయ్యేసరికి లీడరు చేతిలో బోలెడు రిబ్బన్లు. నాకు ఒక్కటీ రాలేదు.

తర్వాత అందరం గుండ్రంగా కూర్చున్నాం. వానకి కిటికీలు మూసేశాం, గదంతా తడి సాక్సుల వాసన. ఎవరికేమనిపించిందో చెప్పమన్నాను.

“మొదట్లో ఒళ్లు మండింది టీచర్. ఎంత పొగరో వీళ్లకి అనుకున్నా” అన్నాడు లీడరు.

“పొగరు కాదు” అంది మా అమ్మాయి. “మా దేశంలో ఒకావిడ ఉండేది. ఆవిడకి వినిపించదు. అందుకని అందరం అలా చేస్తాం. నేల తంతే కాళ్లకి తెలుస్తుంది. లైటార్పితే కళ్లకి తెలుస్తుంది. మొహం చూస్తేనే మాట తెలుస్తుంది.”

“మరి ఆవిడేది? మాకు కనిపించలేదే?”

“ఆవిడ పోయింది.”

లీడరుకి ఇది అర్థం కాలేదు. వాడు మంచివాడే, కానీ అర్థం కానిది వదిలిపెట్టే రకం కాదు. “పోయాక ఇంకా ఎందుకు ఆ రూల్స్?”

మా అమ్మాయి నన్ను చూడలేదు, నేలకేసి చూసింది.

“ఆపమని ఎవరూ చెప్పలేదు” అంది.

గంట కొట్టారు. పిల్లలు బెంచీలు సర్దడానికి లేచారు. నేను నేల మీదున్న కుండీ తీసుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

*

సాయంత్రం మావారు రాగానే అడిగాను. “ఇంట్లో గదిలోకి వచ్చేముందు లైటార్పి వేసేది మీరు కూడానా?”

“లైటా? నేనా?” అన్నారు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. తన చేతికేసి చూసుకున్నారు. “ఏమో… వేస్తానేమో. అలవాటు.”

“నాకు చెప్పచ్చుగా!”

“చెప్పడానికి అదేమన్నా ఉందని నాకు తెలిస్తేగా” అన్నారు పాపం. ఆ రాత్రి భోజనాల దగ్గర బోసి బల్లకి అటువైపు నించి ఆయన మొహం నాకు పూర్తిగా కనిపించింది. కళ్లజోడు కింద ముక్కు మీద చిన్న మచ్చ ఉంది. అన్నాళ్లూ పూల చాటున పడి చూడలేదు.

ఇక చూడండి నా ఉత్సాహం. మర్నాటినించి నేను ఆ దేశపు పౌరురాలినైపోదామని బయల్దేరాను. గదిలోకి వెళ్లేముందు లైటార్పి వేశాను. వెనకనించి వెళ్లి నేల తన్నాను. నా కాలి బలానికి అలమార్లో గ్లాసులు గల్లుమన్నాయి. పిల్ల దగ్గరికెళ్లి మొహంలో మొహం పెట్టి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, “అ-న్నం తిం-దా-మా?” అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. రిబ్బను ముక్క ఇస్తుందని కూడా మనసులో ఎక్కడో ఉందేమో.

మూడోరోజు లైటార్పి వేసి దాని గదిలోకి వెళ్తే పుస్తకం మూసేసి లేచి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

“మీరు చెయ్యకండి.”

“ఏం, తప్పు చేశానా? సరిగ్గా రాలేదా?”

“వచ్చింది. అయినా మీరు చెయ్యకండి. అది మా అమ్మకి.”

చెయ్యకపోతే మొరటుదాన్ని, చేస్తే దొంగని.

“మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నాను. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగాను.

అది కూడా నిజంగానే ఆలోచించింది. “తెలీదు” అంది. కళ్లనీళ్లు తిరిగాయి దానికి. నాకూ తిరిగాయి. తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

ఆ తర్వాత లైటు జోలికి పోలేదు. నేల తన్నడం మానేశాను. అవి తండ్రీకూతుళ్లిద్దరివీ. వాళ్లు ఆర్పుకుంటారు, వెలిగించుకుంటారు, నేను తలెత్తి చూస్తాను. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. పిలవాలంటే పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, అది ఉన్నచోటికి వెళ్లి ఎదురుగా నిలబడి మాట్లాడేదాన్ని. దాన్ని కూడా వద్దంటుందేమోనని భయపడుతూనే చేశాను. వద్దనలేదు. అటు తిరిగి గొణగడం అలవాటైన మనిషిని, రోజుకి పదిసార్లు మర్చిపోయేదాన్ని. మర్చిపోయినప్పుడల్లా పలికేది కాదు. ఆ విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు.

బళ్లో అయితే ఆట అయిపోయినా దేశాలు పోలేదు. లైబ్రరీ దేశం వాళ్లు వరండాలో ధనధనమని నేల తన్ని పిలుచుకోవడం, ఆటవస్తువుల దేశం వాళ్లు వాళ్లని వెక్కిరించడం. పాత బడి, కొత్త బడి అన్న గొడవ పోయి, ఇదో కొత్త గొడవ వచ్చింది. “మీరు నేర్పిన సంస్కారం చూశారా టీచర్?” అని హెడ్మిస్ట్రెస్ తల పట్టుకుంది. కానీ బెంచీల్లో పిల్లలు కలిసిపోయారు. పెన్సిలు దొర్లితే ఎవరో ఒకరు తీసి ఇచ్చేవాళ్లు, రెండు తిట్లు తిట్టయినా సరే. గొడుగు పిల్ల మా ఇంట్లోనే ఎక్కువ ఉండేది.

ఇంట్లో మాత్రం నా ఎదుట ఆ నవ్వు రాలేదు. టర్ము చివరికొచ్చింది. పెద్దమ్మ వచ్చే రోజు ఖాయమైంది. పిల్ల తన బట్టలు మడతపెట్టుకోవడం చూశాను. అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని నాకు వణుకు.

*

వాన వెలిసిన పొద్దున పెద్దమ్మ వచ్చింది. భారీ మనిషి, గొంతు కూడా భారీ. “ఏం చెల్లీ, చిక్కిపోయావే!” అంటూ నన్ను వాటేసుకుంది. పిల్ల ఎగిరి ఆవిడ మెడ పట్టుకుంది. ముందుగదిలో బ్యాగు సర్ది సిద్ధంగా ఉంది. మావారు కిటికీ దగ్గర నిలబడ్డారు, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి.

నేను పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి వాళ్లిద్దరూ చేతులతో మాటల్లో పడ్డారు. వేళ్లు ఎంత వేగం! నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పిల్ల మాటిమాటికీ ఒకే పని చేస్తోంది. కుడిచెయ్యి ఎడమ భుజం మీదుగా వెనక్కి వేసి, వీపు మీద ఒక్కసారి తట్టుకుంటోంది. అలా తట్టుకున్నప్పుడల్లా పెద్దమ్మ నా వైపు చూసి, నవ్వు ఆపుకుంటోంది.

“ఏంటక్కా అది?” అన్నాను.

“ఏం లేదులే.”

“చెప్పండి. నా గురించే కదా?”

పెద్దమ్మ పిల్లకేసి చూసింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. “అది నీ పేరమ్మా” అంది ఆవిడ. “వీపు. నువ్వెప్పుడూ అటు తిరిగి మాట్లాడతావట.”

మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. ఇంకొకరి పేరైతే నవ్వేసేదాన్ని.

“ఎప్పుడు పెట్టింది ఈ పేరు?”

“ఎప్పుడో. నువ్వొచ్చిన వారంలోనే వీడియోలో చెప్పింది నాకు. నేను తిట్టాను కూడా. అప్పుడే పేరెందుకే, కొన్నాళ్లు చూడు అని.” ఆవిడ పిల్ల జుట్టు సవరించింది. “మా చెల్లెలి పద్ధతి అది. వచ్చి పోయేవాళ్లకి పేరు పెట్టేది కాదు, వేలు చూపించేది, అంతే. ఇంట్లో ఉండిపోయేవాళ్లకే పేరు.”

నేను పిల్లకేసి చూశాను. ఏడాది పొడుగునా నన్ను అది ఏమీ పిలవడం లేదని ఏడ్చుకున్నాను. మొదటి వారంలోనే నన్ను ఇంట్లో మనిషిగా రాసేసుకుంది.

“ఇప్పుడు ఇటు తిరిగే మాట్లాడుతున్నాను కదా. మార్చచ్చుగా?” అన్నాను.

“పేర్లు మార్చరు” అంది.

పెద్దమ్మ బ్యాగు వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది. పిల్ల వాళ్ల నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది, చేతులతో జవాబు చెప్పింది. నాకు అందులో ఒక్క మాటే తెలిసింది, నా పేరు. పెద్దమ్మ చూపిస్తున్న చెయ్యి దించేసింది. ఆవిడ కూడా పాపం ఆ పిల్ల మీద ఆశ పెట్టుకుని వచ్చింది.

“ఏమంటోంది?” అని మావారు అడిగారు. ఆయనకి ఆ భాష వచ్చు. అయినా ఆవిడ నోటితో వినాలనుకున్నారేమో.

“సెలవులకి వస్తుందట. సెలవులకే.” పెద్దమ్మ పమిటతో కళ్లు ఒత్తుకుంది. “‘నేను లేకపోతే వీపు రోజంతా ఎవరితో మాట్లాడుతుంది, నాన్న పలకడు కదా’ అంటోంది.”

పాలు పొంగుతున్న చప్పుడు వినిపించి నేను లోపలికి పరిగెత్తాను. పొయ్యి ఆపలేదు. గట్టు మీద చేతులు ఆనించి అటు తిరిగి నిలబడిపోయాను. పాలు పొంగి గట్టు మీదుగా కారుతున్నాయి. వెనక అడుగుల చప్పుడు వినిపించినా నేను తిరగలేదు, తిరిగే స్థితిలో లేను. ఆ పిల్ల వచ్చి, పొయ్యి ఆపి, నాకూ గట్టుకీ మధ్య ఉన్న జానెడు సందులో దూరి, ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూసింది.

“ఏమైంది?”

ఎప్పుడూ ఊరుకోని నోరు ఆవేళ పెగల్లేదు. చెయ్యెత్తి భుజం మీదుగా వెనక్కి వేసి వీపు తట్టుకున్నాను. అది చూసి పెదవి బిగబట్టుకుంది. భుజాలు కదిలాయి. ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

“అలా కాదు. అలా అంటే దురద అని” అంది. నా చెయ్యి పట్టుకుని, విడిపోయిన వేళ్లు దగ్గరికి చేర్చి, భుజం మీద సరిగ్గా పెట్టింది. “ఇలా.”